పలక మోగని నెలల్లోనూ బృందం నిలవాలంటే

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో డప్పును పలక అంటాం. పలకనే నమ్ముకున్న నృత్య బృందానికి ఏడాదంటే నిజానికి ఏడెనిమిది నెలలే. మహాశివరాత్రికి శ్రీకాళహస్తి ఉత్సవాలతో మొదలైన సందడి, ఎండాకాలంలో ఊరూరా ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర జరిగే మహాభారత ఉత్సవాల మీదుగా, మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతర దాటి, వినాయక చవితికి కాణిపాకం చేరి, దసరాతో సద్దుమణుగుతుంది. తర్వాత ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుంటాయి కనుక ఆరుబయట ఆటకు పిలిచేవారు తగ్గిపోతారు. ఆ రెండు మూడు నెలల్లోనే ఒకడు బెంగళూరులో పెయింటు పనికి, ఇంకొకడు చెన్నైలో గోడౌను పనికి వెళ్ళిపోతాడు. మళ్ళీ శివరాత్రికి పదిమందిలో ఆరుగురే తిరిగి వస్తే, దరువు తెలిసినవాళ్ళు చాలక కొత్తవాళ్ళతో హడావిడిగా అడుగులు వేయించాల్సి వస్తుంది.

బృందాలు విడిపోయేది జాతరలో డబ్బు తక్కువ వచ్చినందుకు కాదు, ఖాళీ నెలల ఖర్చును జాతర రోజు అడిగే ధరలో కలపనందుకు. ఈ వ్యాసం దళిత యువతీ యువకులు తామే స్థాపించి నడుపుకుంటున్న డప్పు నృత్య బృందాలను దృష్టిలో పెట్టుకొని రాసినది. కోలాటం, చెక్కభజన, పులివేషాల బృందాలకు కూడా ఇందులో చాలా భాగం పనికివస్తుంది.

ఈ చిక్కు మనకొక్కరికే ఎదురైనది కాదు. అమెరికాలో నల్లజాతీయులు స్థాపించి నడుపుకున్న నృత్య సంస్థల చరిత్ర చదివితే, ఊళ్ళ పేర్లు మార్చి మన కథే రాశారా అనిపిస్తుంది. న్యూయార్క్ సిటీ బ్యాలేలో ప్రధాన నర్తకుడి స్థాయికి చేరిన తొలి నల్లజాతీయుడు ఆర్థర్ మిచెల్, మార్టిన్ లూథర్ కింగ్ హత్య తర్వాత న్యూయార్క్‌లోని తన పేట హార్లెమ్‌కు తిరిగి వచ్చి, నృత్య గురువు కారెల్ షుక్‌తో కలిసి 1969లో డ్యాన్స్ థియేటర్ ఆఫ్ హార్లెమ్‌ను స్థాపించాడు. ప్రపంచమంతా తిరిగి పేరు తెచ్చుకున్న ఆ సంస్థ 2004లో సుమారు 23 లక్షల డాలర్ల అప్పులో కూరుకుపోయి ప్రదర్శన బృందాన్ని ఆపేసింది. ఆ బృందం మళ్ళీ వేదిక ఎక్కింది 2012లో. చప్పట్లకు ఏనాడూ కొదవలేని సంస్థకే ఇలా జరిగిందంటే, మన జాతరల్లో పడే ఈలలను చూసి బృందం బాగానే ఉందని అనుకోవడానికి వీల్లేదు.

అక్కడే ఇంకో సంగతి కూడా కనిపిస్తుంది. ఎక్కువ కాలం నిలిచిన సంస్థల్లో కొన్నింటికి బృందం కంటే ముందు బడి ఉంది. ఫిలడెల్ఫియాలో జోన్ మైయర్స్ బ్రౌన్ 1960లో నృత్య పాఠశాల పెట్టి, పదేళ్ళు నడిపాక, 1970లో ఫిలడాంకో బృందాన్ని ప్రారంభించింది. డేటన్‌లో జెరాల్డిన్ బ్లండెన్ కూడా ముందు పిల్లలకు నృత్యం నేర్పుతూ, ఆ బడిలోంచే 1968లో బృందాన్ని తయారు చేసింది. తెల్లవారి బడుల్లో నల్లపిల్లలను చేర్చుకోని కాలంలో ఆ బడులు పుట్టాయి, బృందానికి ఆసరాగా నిలిచినవి అవే. మనం సాధారణంగా చేసేది దీనికి తలకిందులు. ముందు బృందం కడతాం, పేరు వచ్చాక ఎప్పుడో ఒకనాడు బడి గురించి ఆలోచిస్తాం.

ఇక ధర సంగతి. దీని మీదే ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే మిగిలినవన్నీ దీని తర్వాతే.

డప్పుకు ధర కట్టడం మన ఊళ్ళలో కొత్త విషయం. తరతరాలుగా అది వెట్టి. చావుకైనా జాతరకైనా పిలిస్తే పోవలసిందే. ఇచ్చినది పుచ్చుకోవాలి, అది గింజలు కావచ్చు, సారా కావచ్చు, మిగిలిన కూడు కావచ్చు. ఆ అలవాటు మాటల్లోంచి ఇంకా పోలేదు. జాతర కమిటీ వారు లైటింగు వాడితో రేటు మాట్లాడతారు, ఆర్కెస్ట్రాతో ఒప్పందం రాసుకుంటారు, పలక బృందం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఏదో చూసి ఇస్తాంలే’ అంటారు. ఆ మాట విన్న వెంటనే మన నోట అంకె రావాలి. అంకె రావాలంటే అది ముందే లెక్కగట్టి ఉండాలి. బేరం కాడ అప్పటికప్పుడు తోచిన అంకె ఎప్పుడూ తక్కువే ఉంటుంది.

లెక్క ఎలా వేయాలో ఒక ఊహాబృందంతో చూద్దాం. ఇందులోని అంకెలు నమూనాకు మాత్రమే, మీ ఊరి రేట్లు మీరు పెట్టుకోవాలి. పదిమంది ఉన్న బృందం చిత్తూరు నుంచి తిరుపతికి వెళ్ళి ఒక రాత్రి ఆడి వస్తుంది. మనిషికి 1,200 చొప్పున 12,000, వ్యాను బాడుగ 5,000, భోజనాలు 1,500, ఫోన్లు మాట్లాడి పని కుదిర్చి లెక్కలు రాసే మనిషికి 1,500. మొత్తం 20,000. చాలా బృందాలు ఇక్కడితో ఆగిపోయి, ఇందులోంచి కూడా బేరంలో తగ్గించుకుంటాయి.

ఈ లెక్కలో ఏడాది పొడవునా అయ్యే ఖర్చు లేదు. సాధనకు తీసుకున్న గదికి నెలకు 3,000 చొప్పున ఏడాదికి 36,000. చర్మాలు మార్చడానికి, చట్రాలు బాగు చేయించడానికి, గజ్జెలకు, దుస్తులకు 40,000. లెక్కల తనిఖీకి, రిజిస్ట్రేషను కాగితాలకు 12,000. ఏడాదికి 24 సాధన రోజులనుకొని, పనులు మానుకొని వచ్చినందుకు మనిషికి రోజుకు 300 ఇస్తే 72,000. ఇవన్నీ కలిపితే 1,60,000. ఏడాదికి 40 ప్రదర్శనలు దొరికితే ఒక్కోదాని మీద 4,000 పడుతుంది. అప్పుడు అసలు ఖర్చు 24,000. దాని మీద పదోవంతు, అంటే 2,400, నిల్వ కోసం వేసుకుంటే చెప్పాల్సిన ధర 26,400. ప్రదర్శనలు 25కు పడిపోతే ఒక్కోదాని మీద పడే భారం 4,000 నుంచి 6,400కు పెరుగుతుంది. పిలుపులు తగ్గిన ఏడాది ధర తగ్గించాలని మనసు పీకుతుంది, లెక్క మాత్రం పెంచమంటుంది. ఈ రెండింటి నడుమ నలిగి ధర తగ్గించిన బృందం మరుసటి ఏడాది సాధన మానేస్తుంది, ఆ పై ఏడాది ఆటలో పస పోతుంది.

సాధనకు కూలి ఇవ్వడమేమిటని పెద్దవాళ్ళు కొందరు నవ్వుతారు. నవ్వనివ్వండి. కూలికి పోతే వచ్చే డబ్బును వదులుకొని సాయంత్రం దాకా అడుగులు వేసిన పిల్లవాడికి, పిల్లకు, ఎంతో కొంత చేతిలో పెట్టకపోతే రెండో నెలకు రారు. ముఖ్యంగా ఆడపిల్లలు. ఇంట్లో వాళ్ళకు సమాధానం చెప్పుకోవడానికి ఆ 300 రూపాయలే ఆధారం.

పేదల జాతరకు, తమ పేట పండుగకు తక్కువ ధరకు ఆడాలని బృందం అనుకుంటే తప్పకుండా ఆడవచ్చు. అయితే పుస్తకంలో పూర్తి ధర రాసి, తగ్గించినది ఎంతో పక్కన రాయాలి. అలా రాస్తే ఏడాది చివర బృందం తన ఇష్టంతో ఎంత ఇచ్చిందో, మొహమాటంతో ఎంత పోగొట్టుకుందో విడివిడిగా కనిపిస్తుంది.

ధర ఒప్పుకున్నాక తాంబూలంతో పాటు మూడోవంతైనా అచ్చారం (అడ్వాన్సు) పుచ్చుకోవాలి. మిగిలినది పలక మీద పుల్ల పడక ముందే చేతికి రావాలని అడగడం మర్యాద తక్కువ పని కాదు. తెల్లవారుజామున ఆట ముగిశాక కమిటీ వారిలో ఎవరూ కనిపించని అనుభవం లేని బృందం మన వైపు బహుశా ఉండదు. నాకు తెలిసిన ఒక బృందం సగం డబ్బు కోసం ఆరుసార్లు అదే ఊరికి తిరిగి, బస్సు చార్జీలకే దానిలో నాలుగోవంతు పోగొట్టుకుంది. ఒక్క పేజీ ఒప్పందం చాలు. తేదీ, ఎన్ని గంటలు ఆడాలి, ఎంతమంది వస్తారు, భోజనం, ఆడపిల్లలు దుస్తులు మార్చుకోవడానికి గది, వాన వచ్చి ఆట ఆగితే ఎంత ఇస్తారు, ఎంత ఇచ్చారు, ఎంత బాకీ అన్నవి తెలుగులోనే రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సంతకానికి వెనుకాడేవారికి ఇవే వివరాలను వాట్సాప్‌లో పంపి, ‘సరే’ అని తిరుగు జవాబు తెప్పించుకోవాలి.

చదివింపుల డబ్బు గురించి ఒక మాట. ఆట మధ్యలో నోట్లు గుచ్చడం, జేబులో పెట్టడం జరుగుతుంది. అది ఎవరికి గుచ్చితే వారిదేనా, బృందానిదా అన్నది ఆట మొదలుకాక ముందే తేల్చుకోవాలి. బృందాలు చీలిపోయే గొడవల్లో చాలా వరకు ఇక్కడ పుట్టినవే.

వచ్చిన డబ్బు నాయకుడి సొంత ఖాతాలో పడినంత కాలం అది బృందం డబ్బు కాదు, నాయకుడి మంచితనం మీద ఆధారపడిన డబ్బు. అందుకే సంఘంగా నమోదు కావాలి. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం ఇందుకు కనీసం ఏడుగురు సభ్యులు ఉండాలి. పదిమంది బృందానికి ఇది కష్టం కాదు, కానీ ఆ ఏడుగురూ ఒకే ఇంటివాళ్ళు కాకుండా చూసుకోవడం మేలు. సంఘం పేరుతో పాన్ కార్డు తీసుకొని, బ్యాంకు ఖాతా తెరిచి, ఇద్దరి సంతకాలుంటేనే డబ్బు తీసేలా రాయించాలి. ఆ ఇద్దరిలో ఒకరు ఆట ఆడే మహిళ అయితే లెక్కలు శుభ్రంగా ఉంటాయని నా అభిప్రాయం, ఎవరైనా కాదంటే వాదించను. నిల్వ కోసం తీసిన పదోవంతుకు వేరే ఖాతా పెట్టి, దాన్ని కార్తీకం వరకు ముట్టుకోకూడదు. 40 ప్రదర్శనల లెక్కన అది 96,000 అవుతుంది. పదిమందికి మూడు నెలలపాటు నెలకు 3,200 చొప్పున ఇవ్వవచ్చు. అది బెంగళూరు కూలికి సరితూగదు, కానీ కొందరినైనా ఊళ్ళో నిలుపుతుంది.

ఇప్పుడు బడి. తిరుపతిలో విశ్వవిద్యాలయాలు, కళాశాలలు, ప్రైవేటు పాఠశాలలు లెక్కలేనన్ని ఉన్నాయి. వార్షికోత్సవానికి డప్పు నృత్యం నేర్పమని అడిగే ఉపాధ్యాయులు ప్రతి ఏడాది వస్తూనే ఉంటారు. వారికి వారం రోజుల శిక్షణకు ఇంత అని ముందే ధర పట్టిక తయారుగా ఉంచాలి. దానితోపాటు ఆదివారం తరగతి నడపాలి. ముప్పైమంది పిల్లలు నెలకు 500 చొప్పున పది నెలలు కడితే 1,50,000 వస్తుంది. పైన చెప్పిన ఏడాది ఖర్చు 1,60,000కు అది దాదాపు సమానం కదా అని సంబరపడే ముందు, నేర్పేవారికి సగం ఇవ్వాలని గుర్తుంచుకోవాలి. మిగిలే 75,000 గది బాడుగకూ చర్మాలకూ దాదాపు సరిపోతుంది. అంత భారం ప్రదర్శనల మీద నుంచి దిగినట్టే.

మన పేట పిల్లలకు ఫీజు లేకుండా, బయటి పిల్లలకు ఫీజుతో నేర్పడం న్యాయమేనా అని కొందరు అడుగుతారు. న్యాయమే. ఇన్ని తరాలు ఈ విద్యను ఉచితంగా కాపాడినది ఆ పేటే.

గది దొరకడం మాత్రం తేలిక కాదు. పలక అనగానే చప్పుడు సాకుగా చెప్పి బాడుగకు ఇవ్వని ఇంటివాళ్ళు ఉంటారు, చప్పుడు సాకు మాత్రమేనని ఇద్దరికీ తెలుసు. సెలవు రోజుల్లో ప్రభుత్వ పాఠశాల ఆవరణ, పేటలోని అంబేద్కర్ భవనం లేదా సామాజిక భవనం కోసం ప్రధానోపాధ్యాయుడికి, పంచాయతీకి లేదా నగరపాలక సంస్థకు రాతపూర్వకంగా అర్జీ పెట్టాలి. నోటిమాటగా ఇచ్చిన అనుమతి కొత్త అధికారి రాగానే పోతుంది. హార్లెమ్‌లో మిచెల్ తొలి పాఠాలు చర్చి నేలమాళిగలోనూ, ఒక గ్యారేజీలోనూ చెప్పాడు. గ్యారేజీ తలుపులు తెరిచి పెడితే దారిన పోయే పిల్లలు తొంగి చూసి చేరారట. చప్పుడును అలా కూడా వాడుకోవచ్చు.

ప్రభుత్వ సాయం ఉంది, కానీ దాన్ని జీతంలా లెక్కలో వేసుకోకూడదు. కేంద్ర సాంస్కృతిక మంత్రిత్వ శాఖ గురుశిష్య పరంపర పథకం కింద గురువుకు నెలకు 15,000, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 వరకు ఇస్తూ వచ్చింది. ఒక గురువుకు నాటకంలో గరిష్ఠంగా 18 మంది, సంగీత నృత్యాల్లో 10 మంది శిష్యులకు ఇది వర్తిస్తుంది. ఉత్సవాలకు, కొత్త ప్రదర్శనల తయారీకి అదే శాఖ సాధారణంగా 5 లక్షల వరకు సాయం చేసే పథకం మరొకటి ఉంది. మొత్తాలు, గడువులు మారుతుంటాయి కనుక ఆ ఏడాది ప్రకటనను చూసుకున్నాకే దరఖాస్తు పంపాలి. నమోదు పత్రం, తనిఖీ చేయించిన లెక్కలు, ప్రదర్శనల ఫొటోలు, పత్రికల్లో వచ్చిన వార్తల కత్తిరింపులు లేకుండా ఏ దరఖాస్తూ ముందుకు కదలదు. అందుకే మొదటి ఏడాది నుంచే ఒక ఫైలు పెట్టాలి. డబ్బు విడతలుగా వస్తుంది, ఖర్చు చేశామని ధ్రువపత్రం ఇచ్చాకే తర్వాతి విడత కదులుతుంది. ఆ వ్యవధిలో వడ్డీకి తెచ్చి నడిపితే సాయమే నష్టంగా మారుతుంది.

తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రానికి, రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖకు బృందం వివరాలను పంపి ఉంచితే ఇతర రాష్ట్రాల ఉత్సవాలకు పిలుపులు వచ్చే వీలుంది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహన సేవల ముందు మాడ వీధుల్లో ఆడే కళాబృందాల్లో చోటు దొరికితే గౌరవం ఎంతో. అయినా బస, భోజనం, రవాణా, పారితోషికం ఎవరు భరిస్తారో ముందే కనుక్కోవాలి. దేవుడి ముందు ఆడామన్న తృప్తి వేరు, వ్యాను డ్రైవరుకు ఇవ్వాల్సిన బాడుగ వేరు.

తిరుపతి జిల్లాలోనే ఉన్న శ్రీసిటీలో పెద్ద కంపెనీలు ఉన్నాయి. నికర లాభం 5 కోట్లు దాటడం వంటి అర్హతలున్న కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలని కంపెనీల చట్టం చెబుతోంది. ఆ ఖర్చుకు చట్టం చూపిన పనుల జాబితాలో సంప్రదాయ కళల అభివృద్ధి ఉంది. అయితే ఆ డబ్బు అందుకోవడానికి సంఘానికి ఆదాయపు పన్ను శాఖ నుంచి మినహాయింపు నమోదులు, కంపెనీల వ్యవహారాల శాఖలో సామాజిక బాధ్యత నమోదు ఉండాలి. ఇవి చేయించుకోవడానికే చాలా కాలం పడుతుంది, పైగా మూడేళ్ళ పని రుజువు అడిగే సందర్భాలుంటాయి. కాబట్టి అవసరం పడ్డాక మొదలుపెడితే ఆలస్యమవుతుంది. అడిగేటప్పుడు ‘కళను బ్రతికించండి’ అని రాయడం కంటే, ‘ముప్పైమంది పిల్లలకు ఏడాది శిక్షణకు ఇంత ఖర్చు’ అని రాయడం ఎక్కువ పని చేస్తుంది.

అమెరికాలో స్థిరపడిన మన ఊరివాళ్ళు డబ్బు పంపుతామంటే ఒక జాగ్రత్త తీసుకోవాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మార్చుకున్నవారు పంపితే, వారు పుట్టింది పుంగనూరులోనే అయినా, అది విదేశీ విరాళమే. దానికి కేంద్ర హోంశాఖ అనుమతి తప్పనిసరి. ఆ నమోదుకు సాధారణంగా మూడేళ్ళ ఉనికి, ఆ మూడేళ్ళలో 15 లక్షల ఖర్చు చూపాలి. చిన్న బృందానికి అది అందేది కాదు కనుక, వారిని డబ్బు పంపమనే బదులు ఊరికి వచ్చినప్పుడు తమ ఇంటి వేడుకకు పూర్తి ధర ఇచ్చి పిలవమని అడగడం మంచిది.

పన్ను గురించి భయపడి బిల్లు ఇవ్వని బృందాలు ఉన్నాయి. జానపద, శాస్త్రీయ కళల్లో కళాకారులు ఇచ్చే ప్రదర్శనకు పారితోషికం 1,50,000 దాటకపోతే దానిపై జీఎస్టీ లేదు. సేవల ద్వారా వచ్చే ఏడాది రాబడి 20 లక్షల లోపు ఉంటే నమోదే అక్కర్లేదు. సంఘం పేరుతో బిల్లు వేసేటప్పుడు మాత్రం ఆడిటరును ఒకసారి అడగాలి. సంస్థలు డబ్బు ఇచ్చేటప్పుడు మూలంలోనే కొంత పన్ను కోయవచ్చు. పాన్ ఇవ్వకపోతే ఆ కోత 20 శాతం వరకు పోతుంది. ఇచ్చి ఉంటే, కట్టాల్సిన పన్ను లేనప్పుడు రిటర్ను వేసి కోసినది తిరిగి తెచ్చుకోవచ్చు.

రాత్రి ఆట ముగించుకొని తెల్లవారుజామున వ్యానులో ఘాట్ రోడ్ల మీద తిరిగి వచ్చేవాళ్ళం కనుక బీమా లేకుండా ఎవరినీ వ్యాను ఎక్కించకూడదు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద మరణానికి 2 లక్షల రక్షణ ఉంది. పదిమందికి కలిపి 200. ఇది ఎవరి బ్యాంకు ఖాతా నుంచి వారికి కోతపడుతుంది కనుక, ఆ డబ్బును సంఘమే వారికి ఇచ్చి, రసీదులను ఫైలులో పెట్టాలి. వయసు మళ్ళిన డప్పు కళాకారులకు రాష్ట్ర ప్రభుత్వం ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4,000 పింఛను ఇస్తోంది. బృందానికి దరువులు నేర్పిన తాతలకు ఆ అర్జీ రాసిపెట్టడం, సచివాలయం చుట్టూ తిరగడం కూడా బృందం పనుల్లో ఒకటిగా పెట్టుకోవాలి.

చివరి పని, నాయకుడు లేని రోజుకు బృందాన్ని సిద్ధం చేయడం. అమెరికా నల్లజాతి నర్తకుడు ఆల్విన్ ఎయిలీ 1958లో స్థాపించిన బృందం, 1989లో ఆయన చనిపోయాక, అందులోనే ఆడిన జూడిత్ జామిసన్ చేతికి వచ్చి ఇంకా పెరిగింది. మన దగ్గర నాయకుడి ఫోను పోతే కమిటీల నంబర్లన్నీ పోతాయి. ఏ ఊరి జాతర ఏ నెలలో వస్తుంది, అక్కడ ఎవరితో మాట్లాడాలి, నిరుడు ఎంత ఇచ్చారు, ఎంత బాకీ పెట్టారు, ఎవరు మాట మీద నిలబడ్డారు అన్నవి ఒక నోటు పుస్తకంలో రాసి, దాని నకలు బృందంలో అందరికంటే చిన్నవాళ్ళలో ఒకరి దగ్గర ఉంచాలి. వచ్చే శివరాత్రికి శ్రీకాళహస్తిలో బేరం మాట్లాడే పని ఆ చిన్నవారికే అప్పగించి, పెద్దవారు పక్కన కూర్చుంటే చాలు.